దిగితే ఏం పోతుంది?

2021 ఏప్రిల్ 29, గురువారం రాత్రి. ఫ్రిస్కోలో మా బావ వాళ్ళింట్లో టీవీ ముందు ఏడుగురం కూర్చున్నాం. బిర్యానీ ట్రే అడుగంటింది. ఎన్.ఎఫ్.ఎల్. డ్రాఫ్ట్ మొదటి రౌండు నడుస్తోంది, డాలస్ కౌబాయ్స్ వంతు పదో నంబరు. మాకు కావలసింది ఒక కార్నర్‌బ్యాక్. మంచివాళ్ళు ఇద్దరున్నారని అందరికీ తెలుసు. ఒకణ్ణి ఎనిమిదో నంబరు జట్టు పట్టుకుపోయింది, ఇంకొకణ్ణి తొమ్మిదో నంబరు జట్టు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అంతలో తెర మీద వార్త: కౌబాయ్స్ తమ పదో నంబరు ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి ఇచ్చేశారు. బదులుగా పన్నెండో నంబరు, మూడో రౌండులో 84వ నంబరు తీసుకున్నారు.

ఈగల్స్ అంటే మేం ఏటా రెండుసార్లు తలపడాల్సిన జట్టు. ఏ జట్టు గురించి మా ఇంట్లో పిల్లల ముందు మంచి మాట మాట్లాడమో, ఆ జట్టు.

బావ రిమోట్‌ని సోఫా మీదకి గిరాటేశాడు. "చేతిలో ముద్ద పక్కోడి కంచంలో వేసి మెతుకులు ఏరుకుంటార్రా ఎవడైనా?" అన్నాడు. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "బావా, లెక్క ప్రకారం ఇది మంచి బేరమే" అన్నాను. "నీ లెక్కలు నువ్వు ఆఫీసులో వేసుకో. ఆట వేరు" అన్నాడు. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఈ వ్యాసం అందులో నా వైపు వాదన.

పన్నెండో నంబరులో కౌబాయ్స్ ఎంచుకున్న కుర్రాడి పేరు మైకా పార్సన్స్. ఆ ఏడాది డిఫెన్స్ ఆడేవాళ్ళలో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనిదే. కాబట్టి నేనే గెలిచానని ఇక్కడితో ముగించొచ్చు. కానీ అది దొంగ సాక్ష్యం. అదే రాత్రి, మా వెనకే పదకొండో నంబరులో ఉన్న న్యూయార్క్ జెయింట్స్ కూడా ఇరవైకి దిగారు. ఇరవయ్యో నంబరుతో తీసుకున్న కెడేరియస్ టోనీని రెండో సీజన్ మధ్యలోనే వదిలించుకున్నారు. పైగా వచ్చిన మరుసటేటి మొదటి రౌండు నంబరు ఏడో నంబరైంది. దాంతో తీసుకున్న ఎవన్ నీల్ వాళ్ళు ఆశించినట్టు ఆడలేకపోయాడు. పక్కపక్క నంబర్లు, ఒకే రాత్రి, ఒకే నిర్ణయం, రెండు రకాల ఫలితాలు. పార్సన్స్‌ని చూపించి దిగడమే కరెక్టని నేనంటే, టోనీని చూపించి తప్పని బావ అంటాడు. ఇద్దరం ఫలితం చూసి నిర్ణయానికి మార్కులేస్తున్నట్టే. నేను చెయ్యబోయేది ఆ పని కాదు.

*

సాహిత్య పత్రికలో ఈ గోలేంటి అనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో విసిరే అమెరికన్ ఆట. ఏటా ఏప్రిల్‌లో, కాలేజీ ఆట ముగించుకొచ్చిన కుర్రాళ్ళని ముప్ఫై రెండు జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు. పోయినేడు అందరికంటే అధ్వాన్నంగా ఆడిన జట్టుకి మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకి చివరి వంతు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులు చేసి చూడండి: ఆఖరి ర్యాంకు వాడిని ముందు పిలిచి "బాబూ, నీకే కాలేజీ కావాలి?" అని అడిగితే ఎలా ఉంటుందో అలా. డబ్బే దేవుడనుకునే దేశం తన ఆటలో మాత్రం ఇంత సోషలిజం పాటించడం నాకు ఇప్పటికీ వింతే.

ఈ పద్ధతిని 1935లో ప్రతిపాదించింది ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్. 1936లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. అట్టడుగున ఉన్నది ఆయన జట్టే కాబట్టి మొదటి నంబరూ ఆయనకే వచ్చింది. దాంతో ఎంచుకున్న కుర్రాడు జే బర్వాంగర్, ఆ ఏడు కాలేజీ ఆటలో అందరికంటే గొప్పవాడు. అతను ఎన్.ఎఫ్.ఎల్.లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. చరిత్రలో మొట్టమొదటి ఎంపికే ఇలా జరిగాక కూడా మనవాళ్ళు పాఠం నేర్చుకోలేదు.

వంతుల్ని జట్లు ఒకదానికొకటి అమ్ముకోవచ్చు. పై వంతు ఇచ్చేసి, కింద వంతూ, ఇంకొన్ని వంతులూ తీసుకోవడాన్ని 'ట్రేడ్ డౌన్' అంటారు. నేను 'దిగడం' అంటాను. దానికి ఉల్టా పని 'ఎక్కడం'.

మరి ఏ వంతు ఎంత? 1990ల మొదట్లో కౌబాయ్స్ దగ్గరే దీనికో పట్టిక పుట్టింది. కోచ్ జిమ్మీ జాన్సన్ పేరు మీద ప్రసిద్ధి. తయారుచేసింది మాత్రం మైక్ మెకాయ్, జట్టు యజమాని జెర్రీ జోన్స్‌కి చమురు వ్యాపారంలో భాగస్వామి, చదువుకి ఇంజనీరు. మొదటి నంబరుకి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, పదోదానికి 1300, పన్నెండోదానికి 1200, మొదటి రౌండు ఆఖరిదైన 32కి 590. ఈ లెక్కన ఆ రాత్రి మేం 1300 ఇచ్చి 1370 తెచ్చుకున్నాం (84వ నంబరుకి 170). బావ ముందు నేను చెప్పబోయిన లెక్క ఇదే.

ఇంకోసారి చూడండి. ఒక్క మొదటి నంబరు, 32వ నంబర్లు ఐదింటితో సమానమట. ఎలా వచ్చింది ఈ లెక్క? ఎవరెంత బాగా ఆడారో కొలిచి వేసింది కాదు. అంతకుముందు జట్లు ఒకదానితో ఒకటి చేసుకున్న బేరాలు చూసి వేసింది. అంటే ఇది వస్తువు విలువ చెప్పే పట్టిక కాదు, జనం ఎంత పెట్టి కొంటున్నారో చెప్పే పట్టిక. రింగ్ రోడ్డు అవతల గజం ఎంత పలుకుతోందో బ్రోకర్ చెప్తాడు. అక్కడ నీళ్ళు పడతాయో లేదో చెప్పడు.

*

నీళ్ళు పడతాయో లేదో చూసినవాళ్ళు ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్. థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది. 'లూజర్స్ కర్స్' అన్న వాళ్ళ పత్రం 2005 నుంచి చేతులు మారుతూ 2013లో అచ్చయింది. వాళ్ళు చెప్పింది సులువుగా: నంబరు కిందికి జారేకొద్దీ ధర నిట్టనిలువుగా పడిపోతోంది, ఆట మాత్రం నెమ్మదిగా తగ్గుతోంది. పై నంబర్లకి జట్లు అతిగా చెల్లిస్తున్నాయి. ఓడినవాడికి దయతో ఇచ్చిన మొదటి నంబరు వాడి నెత్తిన బరువవుతోంది. అందుకే ఆ పేరు.

ఆ పత్రంలో నన్ను పట్టుకుని వదలని అంకె ఒకటుంది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరు కుర్రాళ్ళని తీసుకోండి, ఒకడి తర్వాత వెంటనే ఇంకొకణ్ణి ఎంచుకున్నారు. ముందు ఎంచుకున్నవాడు రెండోవాడి కంటే మెరుగ్గా నిలబడే అవకాశం ఎంత? సుమారు 52 శాతం. ఊరూరా తిరిగే స్కౌట్లు, వీడియోలు, పరుగు పందాలు, డాక్టర్ల రిపోర్టులు, ఇంటర్వ్యూలు, ఇన్నీ చేసి చివరికి బొమ్మా బొరుసా కంటే రెండు పాయింట్లు ఎక్కువ.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నేనీ పత్రాన్ని బావ మీద కర్రలా వాడాను, అందులో జీతాల సంగతి సరిగ్గా చదవకుండానే. వాళ్ళ వాదనలో సగం బలం జీతాలది. అప్పట్లో మొదటి నంబరు కుర్రాడికి మతిపోయే డబ్బు ఇవ్వాల్సొచ్చేది. 2010లో మొదటి నంబరు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్ళకి 7 కోట్ల 80 లక్షల డాలర్ల దాకా, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో లీగుకీ ఆటగాళ్ళ సంఘానికీ కొత్త ఒప్పందం కుదిరింది, కొత్తవాళ్ళ జీతాలకి హద్దులు పెట్టారు. ఆ ఏడు మొదటి నంబరు క్యామ్ న్యూటన్‌కి వచ్చింది నాలుగేళ్ళకి 2 కోట్ల 20 లక్షలు. ఒక్క ఏడాదిలో ఇంత తేడా. కాబట్టి 'పై నంబరు ఖరీదు భరించలేం, అందుకే దిగాలి' అన్న పాత వాదన చాలావరకు చచ్చిపోయింది. ఇంకా అదే చదివి వినిపించేవాళ్ళు పాత వెర్షన్ డాక్యుమెంటేషన్ చూసి కొత్త కోడ్ రాస్తున్నట్టే. నేనూ రాశాను.

చావనిది ఆ 52 శాతం. జీతం మారినంత మాత్రాన మన చూపు మెరుగుపడదు.

*

చూపు మసగ్గా ఉన్నప్పుడు తెలివైన పని ఒక్కటే, ఎక్కువసార్లు చూడటం. ఊరికే ఉదాహరణకి, పై నంబరు కుర్రాడు నిలబడే అవకాశం 60 శాతం, కింద నంబరు కుర్రాళ్ళకి ఒక్కొక్కరికి 40 శాతమే అనుకుందాం. పెద్ద తేడానే. అయినా ఒక 60 ఇచ్చి రెండు 40లు తెచ్చుకుంటే, ఇద్దర్లో కనీసం ఒకడు నిలబడే అవకాశం 64 శాతం. ఇద్దరూ నిలబడే అవకాశం ఇంకో 16 అందులోనే ఉంది. ఇద్దరూ పోయే అవకాశం 36, ఒక్కణ్ణే నమ్ముకుంటే 40.

దీనికి బావ దగ్గర మంచి జవాబే ఉంది. "రెండు యాభైలు కొట్టినోడూ ఒక వంద కొట్టినోడూ ఒకటి కాదురా" అంటాడు. నిజమే. ఆట గమనం మార్చేవాడు ఒక్కడు, ఫర్వాలేదనిపించే ఇద్దరి కంటే ఎక్కువ. కానీ ఆ మాట పూర్తిగా చెల్లేది ఒక్క స్థానంలోనే. క్వార్టర్‌బ్యాక్. దాదాపు ప్రతి ఆటలోనూ బంతి ముందు అతని చేతికే వస్తుంది, మైదానంలో అతని చోట ఇద్దర్ని నిలబెట్టలేం. మిగతా ఇరవై చిల్లర స్థానాల్లో ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి నుంచి నీళ్ళు కారతాయి. ఒక చిల్లుని బంగారంతో పూడ్చి మిగతావి వదిలేసిన పడవ ఒడ్డు చేరదు.

కాబట్టి నా వాదన ఇది, తర్వాత మాట మార్చానని అనకుండా స్పష్టంగా రాస్తున్నా. పనికొచ్చే క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టు, పై పది నంబర్లలో ఉండి, పైకి రావాలని ఎవరైనా సరైన ధర పెడితే, దిగాలి. దాదాపు ప్రతిసారీ దిగాలి. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు, తన వంతుకి నచ్చినవాడు దొరికితే తీసుకోవచ్చు. కానీ వాడి కోసం రాబోయే రెండు మూడేళ్ళ వంతులు తాకట్టు పెట్టి ఎక్కకూడదు.

తాకట్టు అన్నది ఊరికే కాదు. మాసీ, థేలర్ ఇంకో సంగతి కూడా లెక్కగట్టారు. వచ్చే ఏటి వంతు ఇచ్చి ఈ ఏటి వంతు కొనే జట్లు కడుతున్న వడ్డీ ఏడాదికి నూరు శాతం దాటుతోంది. మా ఊళ్ళో నూటికి నెలకి పది రూపాయల వడ్డీకి తీసుకునేవాడంటే, ఇక వాడి పని అయిపోయిందని జాలిపడేవాళ్ళు. ఇక్కడ సూట్లు వేసుకున్న జనరల్ మేనేజర్లు దాదాపు ఆ వడ్డీకే తెస్తూ "మా కుర్రాడి కోసం వెళ్ళి తెచ్చుకున్నాం" అని మైకు ముందు మురిసిపోతారు. ఎందుకంటే కట్టేది వాళ్ళు కాదు. రెండేళ్ళలో గెలవకపోతే ఆ ఉద్యోగం ఎలాగూ ఊడుతుంది. అప్పు తర్వాత వచ్చేవాడి నెత్తిన.

1999లో న్యూఆర్లిన్స్ సెయింట్స్ కోచ్ మైక్ డిట్కా, రికీ విలియమ్స్ అనే ఒక్క రన్నింగ్‌బ్యాక్ కోసం ఆ ఏటి తమ వంతులన్నీ, మరుసటేటి మొదటి, మూడో రౌండు వంతులతో సహా వాషింగ్టన్‌కి ఇచ్చేశాడు. ఆ సీజన్‌లో సెయింట్స్ పదహారు మ్యాచ్‌ల్లో మూడే గెలిచారు. డిట్కా ఉద్యోగం పోయింది. విలియమ్స్ చేతకానివాడేం కాదు, మంచి ఆటగాడే. అతను బాగా ఆడినా కుదరని బేరం అది.

2021లో శాన్‌ఫ్రాన్సిస్కో పన్నెండు నుంచి మూడుకి ఎక్కడానికి మూడు మొదటి రౌండు వంతులు, ఒక మూడో రౌండు వంతు ఇచ్చింది. తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ ట్రే లాన్స్ అక్కడ నిలవలేదు. అదే జట్టు 2022లో అందరికంటే చివర, 262వ నంబరులో తీసుకున్న బ్రాక్ పర్డీ రెండేళ్ళు తిరక్కుండా సూపర్‌బౌల్ ఆడాడు. 2023లో కరొలైనా, తొమ్మిది నుంచి ఒకటికి ఎక్కడానికి షికాగోకి తమ మంచి ఆటగాడు డి.జె.మూర్‌నీ, మరుసటేటి మొదటి రౌండు వంతునీ, ఇంకో రెండు రెండో రౌండు వంతుల్నీ ఇచ్చింది. బ్రైస్ యంగ్‌ని ఎంచుకుంది. ఆ వెంటనే రెండో నంబరులో హ్యూస్టన్ తీసుకున్న సి.జె.స్ట్రౌడ్ ఆ ఏడు జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళాడు. కరొలైనా పదిహేడింట రెండే గెలిచింది. దాంతో వాళ్ళిచ్చేసిన మరుసటేటి వంతు మొదటి నంబరైంది, షికాగో దాంతో కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది. ఈ రెండు జట్లూ తెలివితక్కువవి కావు. తమకి గట్టిగా తెలుసనుకున్నాయి, అంతే.

*

ఇప్పుడు నా వాదనకి తగిలిన దెబ్బలు. వీటిని దాటవేస్తే బావ ఈ వ్యాసం చదివి నవ్వుతాడు.

మొదటిది, సెయింట్ లూయిస్ రామ్స్. 2012లో రెండో నంబరు వాషింగ్టన్‌కి ఇచ్చి ఆరో నంబరు, ఒక రెండో రౌండు వంతు, తర్వాతి రెండేళ్ళ మొదటి రౌండు వంతులు తెచ్చుకున్నారు. వాషింగ్టన్ తీసుకున్న రాబర్ట్ గ్రిఫిన్ మొదటి ఏడు మెరిశాడు, మోకాలు పోయింది, మళ్ళీ ఆ ఆట ఆడలేదు. 2014 డిసెంబరులో ఈ రెండు జట్లూ తలపడ్డప్పుడు రామ్స్ కోచ్ జెఫ్ ఫిషర్ ఒక చిలిపి పని చేశాడు. టాస్‌కి కెప్టెన్లుగా, ఆ బేరంలో వచ్చిన వంతులతో తెచ్చుకున్న కుర్రాళ్ళని పంపాడు. మ్యాచ్ 24-0తో గెలిచారు. చూసి నేను చప్పట్లు కొట్టాను. కానీ 2012 నుంచి 2015 దాకా నాలుగేళ్ళలో రామ్స్ ఒక్క సీజన్‌లోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ చూపలేకపోయారు. 2016లో వాళ్ళే పదిహేను నుంచి ఒకటికి ఎక్కి జారెడ్ గాఫ్‌ని తెచ్చుకున్నారు. 2019 ఫిబ్రవరిలో అతనితోనే సూపర్‌బౌల్ ఆడారు. టాస్‌కి అరడజను మందిని పంపొచ్చు, బంతి విసిరేవాడు లేకపోతే ఏం లాభం?

రెండోది, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్. 2016లో బేస్‌బాల్ నుంచి పాల్ డిపొడెస్టాని తెచ్చుకుని, లెక్కల జట్టుగా పేరు పెట్టుకుని, దిగడమే మతంగా దిగారు. రెండో నంబరు ఇచ్చేస్తే ఈగల్స్ కార్సన్ వెంట్జ్‌ని తీసుకున్నారు. 2017లో పన్నెండో నంబరు ఇచ్చేస్తే హ్యూస్టన్ డెషాన్ వాట్సన్‌ని తీసుకుంది. ఆ రెండు సీజన్లలో బ్రౌన్స్ ఆడినవి ముప్ఫై రెండు, గెలిచింది ఒకటి. అదే వాట్సన్ కోసం 2022లో మూడు మొదటి రౌండు వంతులు ఇచ్చి, 23 కోట్ల డాలర్లు గ్యారంటీ రాసిచ్చారు. మా వైపు వాళ్ళు ఈ కథ వచ్చినప్పుడల్లా కాఫీ తెచ్చుకోవడానికి లేస్తారు.

నేను లేవను. బ్రౌన్స్ తప్పు దిగడం కాదు, దిగడమే పని అనుకోవడం. వంతులు విత్తనాల్లాంటివి. గాదెలో పోసి లెక్కపెట్టుకుంటే పంట రాదు. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు, వాళ్ళు దొరికే చోటు నుంచి ఏటా దిగిపోతూ ఉంటే దాన్ని వినయం అనలేం. పరీక్ష రాయకుండా ఫెయిల్ కాలేదనుకోవడం అది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. హ్యూస్టన్ బేరంలో వచ్చిన వంతు 2018లో నాలుగో నంబరై డెంజెల్ వార్డ్‌ని తెచ్చింది, 2020 సీజన్‌లో బ్రౌన్స్ పదకొండు గెలిచి ప్లేఆఫ్స్‌లో కూడా ఒక మ్యాచ్ గెలిచారు. విత్తిన మేనేజర్ శాషీ బ్రౌన్‌ని 2017 డిసెంబరులోనే పంపేశారు. ఫలితం రావడానికి పట్టే కాలం, ఉద్యోగం ఉండే కాలం కంటే ఎక్కువైనప్పుడు దిగే ధైర్యం ఎవడికుంటుంది?

మూడోది అన్నిటికంటే పెద్ద దెబ్బ. 2017 ఏప్రిల్ 27. బఫలో బిల్స్ పదో నంబరు కాన్సస్ సిటీకి ఇచ్చి 27వ నంబరు, 91వ నంబరు, మరుసటేటి మొదటి రౌండు వంతు తీసుకున్నారు. మంచి బేరం. 27లో తెచ్చుకున్న ట్రెడేవియస్ వైట్ లీగులోని గొప్ప కార్నర్‌బ్యాక్‌లలో ఒకడయ్యాడు. ఆ సీజన్‌లోనే బఫలో పదిహేడేళ్ళ తర్వాత ప్లేఆఫ్స్ చేరింది. ఇక పదో నంబరుతో కాన్సస్ సిటీ తీసుకున్నవాడు ప్యాట్రిక్ మహోమ్స్. మూడు సూపర్‌బౌళ్ళు గెలిచాడు. అవి గెలిచే దారిలోనో, అటుఇటుగానో, 2021, 2022, 2024, 2025 జనవరుల్లో నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌లో బఫలోనే ఓడించాడు. బఫలో దగ్గర అప్పటికి జాష్ ఆలెన్ అనే అద్భుతమైన క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. 2018లో అతన్ని తెచ్చుకోవడానికి వాళ్ళు పన్నెండు నుంచి ఏడుకి ఎక్కారు, దిగలేదు. దేవుడు నా వాదన మీద పగబట్టి రాసిన స్క్రిప్టులా ఉంటుంది.

*

ఇలాంటి స్క్రిప్టే మనల్ని పాడుచేస్తోందని నా అనుమానం. వదులుకున్నవాడికి ఒక ముఖం ఉంటుంది, పేరుంటుంది, జెర్సీ అమ్ముతారు. అతను గెలిచిన ప్రతిసారీ టీవీ వాళ్ళు మన తప్పు గుర్తుచేస్తారు. దిగి తెచ్చుకున్న ముగ్గురికి అలాంటి కథ ఉండదు. ఒకడు గాయాల మధ్య ఐదేళ్ళు చిత్తశుద్ధితో గార్డ్‌గా ఆడతాడు. ఇంకొకడు మూడో డౌన్‌లో వచ్చి ఒక పని చేసి వెళ్ళిపోతాడు. వాళ్ళ మీద సినిమా తీయరు. ఊరికి ఆపదొస్తే ఎక్కణ్ణుంచో ఒకడు దిగి అందర్నీ కాపాడతాడన్న కథ మనకి ఉగ్గుపాలతో పట్టారు, అమెరికన్లకీ పట్టారు. కాబట్టి డ్రాఫ్ట్ రాత్రి మనం ఆటగాణ్ణి ఎంచుకోం, కథని ఎంచుకుంటాం. పుస్తకాలు చదివేవాళ్ళం కనీసం ఆ తేడా గుర్తుపట్టాలి కదా.

గుర్తుపట్టానని నేనూ అనుకునేవాణ్ణి. మూడేళ్ళ కిందట మా టీములో ఒక ఖాళీ. నేను ఇంటర్వ్యూ చేసినవాళ్ళలో ఒకతను నన్ను ముగ్ధుణ్ణి చేశాడు. వైట్‌బోర్డు మీద అతను గీసింది ఫొటో తీసి దాచుకున్నాను. అదే బడ్జెట్‌తో కాస్త జూనియర్లని ఇద్దర్ని తీసుకుందామని మా మేనేజర్ అంది. నేను అడ్డం పడ్డాను. "ఇలాంటివాడు మళ్ళీ దొరకడు" అన్నాను, ఇంగ్లీషులో, బావ గొంతుతో. అతన్నే తీసుకున్నాం. చెడ్డవాడేం కాదు, మా పని అతనికి సరిపడలేదు, పది నెలలకి వెళ్ళిపోయాడు. ఆ రోజు వద్దనుకున్న ఇద్దర్లో ఒకమ్మాయి మా కంపెనీలోనే వేరే టీములో చేరింది. ఈమధ్య ఆమె రాసిన డిజైన్ డాక్యుమెంట్లు చదివి నేను నేర్చుకుంటున్నాను. ఆ పది నెలల ఖర్చు నా జేబులోంచి పోలేదు. రాత్రిళ్ళు అలర్టులు మోగితే లేచింది మా టీములోని కుర్రాళ్ళు. 52 శాతం అన్న అంకె కంఠతా వచ్చినవాణ్ణే ఇలా చేశాను. బావని ఏమనగలను?

అందుకే ఇదంతా తెలివికి సంబంధించిన వాదన అనుకోవడం మానేశాను. దిగడమంటే "నాకు తెలీదు" అని అందరి ముందూ ఒప్పుకోవడం. తెలీదని చెప్పడానికి కాదు కదా మనకి జీతం ఇచ్చేది. తెలుసని చెప్పినవాడు తప్పినా "ధైర్యం చేశాడు" అంటారు. తెలీదని ఒప్పుకున్నవాడు తప్పితే "చేతిలో ఉన్నది వదిలేశాడు" అంటారు. శిక్షలో ఈ తేడా ఉన్నంతకాలం జట్లు ఎక్కుతూనే ఉంటాయి, తర్వాతివాళ్ళు వడ్డీ కడుతూనే ఉంటారు. మార్చాల్సింది పట్టికలో అంకెలు కాదు, మనం తిట్టే పద్ధతి.

పోయిన సంక్రాంతికి బావ మళ్ళీ ఎత్తాడు. ఈ మధ్యలో కౌబాయ్స్ పార్సన్స్‌ని కూడా ఉంచుకోలేదు. 2025 ఆగస్టులో రెండు మొదటి రౌండు వంతులకీ, ఒక ఆటగాడికీ గ్రీన్‌బేకి ఇచ్చేశారు. దాని మీద ఇద్దరం ఒకే వైపు నిలబడి తిట్టుకున్నాం, చాలా కాలానికి. తర్వాత అరిసె తుంచుతూ అడిగాడు: "సరే, నిజం చెప్పు. 2017లో బఫలోకి నువ్వే మేనేజర్‌వి. కాన్సస్ సిటీ వాళ్ళు ఫోన్ చేశారు. మహోమ్స్‌ని వదిలేస్తావా?"

ఆ రాత్రి ఎవరికీ అతను మహోమ్స్ అని తెలీదు. అతని కంటే ముందు షికాగో, మూడు నుంచి రెండుకి ఎక్కి మరీ, వేరే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుంది. నాకూ తెలిసేది కాదు.

"వదిలేస్తాను బావా" అన్నాను.

"నాలుగుసార్లు ఓడిపోతావు."

"ఓడిపోతాను."

"మళ్ళీ అవకాశమొస్తే?"

"మళ్ళీ వదిలేస్తాను."

బావ నా వంక జాలిగా చూసి, అక్కని ఇంకో అరిసె వెయ్యమన్నాడు. ఆ బేరం చేసిన బఫలో మేనేజర్ని డ్రాఫ్ట్ ముగిసిన మర్నాడే ఉద్యోగంలోంచి తీసేశారన్న సంగతి నేను అతనికి చెప్పలేదు.